ఛెనా, పండు, కాల్చిన బ్రెడ్డు: సరిహద్దు ఇళ్లలో ఐదు నిమిషాల టిఫిన్

తెలుగింట్లో పాలు విరిగాయంటే అదొక నష్టం. పొద్దున్నే పొయ్యి మీది గిన్నెలో పాలు పలుకులు పలుకులుగా విడిపోతే ఇంట్లోవాళ్ల ముఖాలు చిన్నబోతాయి, ఇక కాఫీ ఎలా అన్న టెన్షన్ మొదలవుతుంది. అదే ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న ఒడిశా ఊళ్లు పర్లాకిమిడిలోనో బరంపురంలోనో గోడకు అవతలున్న ఒడియా ఇంట్లో పాలను కావాలనే విరగ్గొడతారు. విరిగిన పాలను బట్టలో వడకట్టి నీరు తీసేస్తే మిగిలే తెల్లటి ముద్దే ఛెనా. రసగుల్లా దానితోనే, ఛెనాపోడ అనే కాల్చిన మిఠాయి కూడా దానితోనే. తరాలుగా ఆ గోడకు ఇవతల బతుకుతున్న తెలుగు కుటుంబాలకు ఛెనా కొత్త వస్తువేమీ కాదు. అయితే దాన్ని స్వీటు షాపు సరుకుగా చూడడమే ఎక్కువ. పొద్దుటి టిఫిన్‌లోకి, కాల్చిన బ్రెడ్డు మీదికి, పక్కన నాలుగు పండు ముక్కలతో తెచ్చుకోవచ్చన్న ఆలోచన రావలసినంతగా రాలేదు.

పండూ చీజూ వేసిన టోస్టు ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఆ వీడియోల్లో కనిపించేవి అవకాడో, బ్లూబెర్రీ, క్రీమ్ చీజ్, రికోటా. గుణుపురం సంతలో ఇవి దొరకవు. బరంపురంలో పెద్ద షాపులో దొరికినా ఆ ధరకు వారం టిఫిన్లు గడిచిపోతాయి. దాంతో చాలామంది రెండు దారుల్లో ఒకటి పడతారు. ఇది మనకు కాదులే అని వదిలేయడం ఒకటి. రికోటా బదులు ప్యాకెట్ చీజ్ స్లైసు, తాజా పండు బదులు జాము పెట్టి అదే టోస్టు అనుకోవడం రెండోది. ఈ రెండో దారి ఇంకా నష్టం. అసలు వంటకంలో ఆరోగ్యం అనదగ్గ భాగమంతా ఆ మార్పుతోనే పోతుంది, ఉప్పూ చక్కెరా మిగులుతాయి.

ఆ వీడియోల్లోని చీజ్ చేసే పని ఏమిటో చూస్తే దారి దానంతటదే కనిపిస్తుంది. అది ఉప్పు తక్కువగా ఉండి, మాగబెట్టని, తాజా, మెత్తటి చీజ్. కొంచెం పాల తీపి ఉంటుంది, ఘాటు ఉండదు. పండు రుచిని అణచకుండా కింద పరుపులా ఉంటుంది. ఇటలీవాళ్లు రికోటాను చీజ్ తీయగా మిగిలిన నీటి నుంచి తీస్తారు, ఒడిశాలో ఛెనాను నేరుగా పాల నుంచి తీస్తారు. పద్ధతి వేరైనా టోస్టు మీద రెంటి పనీ ఒకటే. అంటే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఈ టోస్టుకు కావలసిన ముఖ్యమైన సరుకు వీధి చివరే ఉంది.

పండూ ఛెనా కలవడం ఇక్కడ కొత్త కూడా కాదు. ఏప్రిల్ 14న వచ్చే పణా సంక్రాంతి ఒడియావాళ్లకు సంవత్సరాది. ఆ రోజు మారేడు పండు గుజ్జుతో చేసే పానకంలో అరటిపండు, ఛెనా, కొబ్బరి కోరు, బెల్లం లేదా పంచదార, మిరియాల పొడి పడతాయి. శ్రీరామనవమి పానకంలో మిరియం ఎందుకో తెలిసిన తెలుగువాళ్లకు ఈ కలయికను విడమరిచి చెప్పనక్కర్లేదు. తీపి పక్కన కారం, పాల కొవ్వు పక్కన పండు పులుపు. ఆ పానకంలోంచి ఛెనాను, అరటిపండును, మిరియాన్ని తీసి కాల్చిన బ్రెడ్డు మీద పెడితే అదే ఈ టోస్టు. కొత్తగా చేరిందల్లా బ్రెడ్డు.

బ్రెడ్డు సంగతికొస్తే దానిది మన ఇళ్లలో వింత చరిత్ర. చాలాకాలం అది జ్వరం తిండి. ఒళ్లు వెచ్చబడితే బ్రెడ్డూ పాలూ, జ్వరం తగ్గగానే మళ్లీ అన్నం. ఆరోగ్యంగా ఉన్నవాడు పొద్దున్నే బ్రెడ్డు తింటున్నాడంటే ఇంట్లో వండే మనిషి ఊళ్లో లేరని అర్థం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి గంజాం, జయపురం ప్రాంతాలు, పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగం అటు వెళ్లాక కూడా ఇక్కడి తెలుగిళ్ల పొద్దుటి పళ్లెం పెద్దగా మారలేదు. ఇడ్లీ, ఉప్మా, చద్దన్నం, చోడి (రాగి) అంబలి అలాగే ఉన్నాయి. పక్కన ఒడియావాళ్ల అటుకులూ పెరుగూ, గుగ్నీ అనే బఠాణీ కూర, బరా అనే మినప వడ చేరాయి. ఇవన్నీ మంచి తిండే. టోస్టు వీటిని తోసేయడానికి వచ్చింది కాదు. పిండి రుబ్బుకోని రోజున, పిల్లాడు ఏడున్నరకు బస్సెక్కాల్సిన రోజున, ఖాళీ కడుపుతోనో బిస్కెట్ ప్యాకెట్‌తోనో పంపే బదులు చేసి పెట్టగలిగే తిండి ఇది. దీన్ని ఆ చోటులోనే చూడాలి.

ఇక బ్రెడ్డు ఎంపిక. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. రంగు చూసి బ్రౌన్ బ్రెడ్ కొనడం అలవాటు. ఆ గోధుమ రంగు చాలాసార్లు కారమెల్ రంగు వల్ల వస్తుంది, లోపల ఉండేది మైదాయే. ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ చూస్తే నిజం తెలుస్తుంది. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువున్నది తర్వాత రాయాలన్నది నియమం. కాబట్టి మొదటి మాటగా గోధుమ పిండి ఉంటే అది నిజంగా గోధుమ బ్రెడ్డు. మైదా మొదట ఉండి గోధుమ మూడో నాలుగో చోట ఉంటే పేరు ఏదైనా అది మైదా బ్రెడ్డే. కొన్ని ప్యాకెట్ల మీద గోధుమ శాతం కూడా వేస్తారు, అది చూసి కొనడం ఇంకా మంచిది. ఊరి బేకరీ బ్రెడ్డు తాజాగా ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది కానీ చాలాచోట్ల తియ్యగా చేస్తారు. పండు వేసే టోస్టుకు తీపి బ్రెడ్డు నప్పదు, తీపి మీద తీపి పడి నాలుక మొద్దుబారుతుంది.

బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ రోజులు ఉంటుందన్న నమ్మకం సగమే నిజం. బూజు ఆలస్యంగా వస్తుంది, నిజమే. కానీ ఫ్రిజ్ చలిలో బ్రెడ్డులోని పిండి పదార్థం మళ్లీ గట్టిపడుతుంది. బయటికన్నా అక్కడే బ్రెడ్డు తొందరగా బిరుసెక్కుతుంది. అదే డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఈ గట్టిపడడం దాదాపు ఆగిపోతుంది, ముక్కలు తీసి నేరుగా పెనం మీద వేసుకోవచ్చు. బరంపురం, ఇచ్ఛాపురం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో వానాకాలం బ్రెడ్డు బయట రెండు మూడు రోజులు నిలవడమే గగనం. ఒక మూల ఆకుపచ్చ చుక్క కనిపిస్తే ఆ మూల తుంచి మిగతాది తినడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. బూజు పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి. ఆ బ్రెడ్డును మొత్తం పారేయాల్సిందే.

బిరుసెక్కిన బ్రెడ్డు టోస్టుకు పనికిరాదనుకోవడం కూడా పొరపాటే. వేడి తగిలితే గట్టిపడిన పిండి మళ్లీ మెత్తబడుతుంది, పైపొర ఎండి కరకరలాడుతుంది. నిన్నటి బ్రెడ్డే టోస్టుకు మేలు, అందులో తడి తక్కువ. పైన వచ్చే ఆ బంగారు రంగు, కమ్మని వాసన చక్కెరలూ మాంసకృత్తులూ వేడికి కలిసి పుట్టించేవి. ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించిన చర్య ఇది. కాఫీ గింజ వేపినా, దోసె అంచు ఎర్రబడినా ఇదే. అయితే రంగు బంగారం దగ్గరే ఆగాలి. మాడు రంగు వచ్చేదాకా కాలిస్తే చేదొక్కటే కాదు, అక్రిలమైడ్ అనే హాని చేసే పదార్థం పెరుగుతుంది. పిండి వంటకాల్లో అది పుడుతుందని 2002లో స్వీడన్‌లో బయటపెట్టారు. మాడిన పొరను చాకుతో గీకి పడేయడం మనకు అలవాటు. ముందే మంట తగ్గించుకుంటే ఆ పని ఉండదు.

ఇప్పుడు ఛెనా. నిజానికి ఈ టోస్టు బాగుండడం, బాగుండకపోవడం అంతా ఛెనాలో ఎంత తడి ఉందన్న దాని మీద ఉంది. తడి ఎక్కువైతే బ్రెడ్డు రెండు నిమిషాల్లో నానిపోతుంది, తక్కువైతే ఇసకలా రాలి పండు ముక్కలు నిలవవు. ఆహార భద్రతా ప్రమాణాల్లో పనీర్‌కు 60 శాతం, ఛెనాకు 65 శాతం దాకా తేమ ఉండవచ్చని గీత గీశారు. ఆ ఐదు శాతమే పనీర్‌ను కోయదగ్గ ముక్కగానూ, ఛెనాను రాయదగ్గ ముద్దగానూ ఉంచుతుంది. పనీర్‌ను బరువు కింద అదుముతారు, ఛెనాను అదమరు, వేలాడదీస్తారు.

ఇంట్లో చేయడం కష్టమేమీ కాదు, రాత్రి అన్నాల తర్వాత పావుగంట పని. అర లీటరు ఆవు పాలు తీసుకోవాలి. గేదె పాలతోనూ వస్తుంది కానీ ఆ ముద్ద గట్టిగా, రబ్బరులా ఉంటుంది. ఒడిశా మిఠాయివాళ్లు రసగుల్లాకు ఆవు పాలే అడగడానికి కారణం ఇదే. పాలు పొంగు వచ్చాక దించి రెండు మూడు నిమిషాలు ఆగాలి. కుతకుతలాడుతున్న పాలలో పులుపు పోస్తే పలుకులు గట్టిపడతాయి. కొంచెం చల్లారి ఎనభై డిగ్రీల దగ్గరకు వచ్చాక పోస్తే మెత్తగా వస్తాయి. ఒక పెద్ద చెంచాడు నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి, కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో నెమ్మదిగా తిప్పాలి. ఒక్కసారిగా గుమ్మరించకూడదు. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత గరిటె అంచున సన్నటి నలకలు కనిపిస్తాయి, ఆ వెంటనే గిన్నె మొత్తం విడిపోతుంది. విడిపోయిన నీరు తెల్లగా పాలలాగే ఉంటే ఇంకొన్ని చుక్కలు కావాలి. లేత పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో తేటగా తేలితే పని అయినట్టు. ఆ రంగు పాలలోని రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్‌ది.

లోపల జరిగేది ఇదీ. పాలలోని మాంసకృత్తుల్లో దాదాపు 80 శాతం కేసీన్. తాజా పాలలో దాని రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. పులుపు పడేకొద్దీ ఆ నెట్టుడు తగ్గి రేణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి, కొవ్వును కూడా తమలో బంధించేస్తాయి. పాలను ముందే మరిగించాం కాబట్టి మిగతా మాంసకృత్తుల్లో కొంత భాగం కూడా కేసీన్‌తో పాటే వచ్చేస్తుంది. నీటిలోకి పోయేది ప్రధానంగా పాల చక్కెర అయిన లాక్టోజ్, కొంత కాల్షియం. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవాళ్లలో చాలామందికి ఛెనా పడడానికి కారణం ఇదే. ఉబ్బరం తెచ్చే లాక్టోజ్ చాలామటుకు నీటితో బయటికి పోయింది.

జున్నుతో దీన్ని కలపకూడదు. తెలుగు పుస్తకాల్లో చీజ్‌కు జున్ను అని రాసేస్తుంటారు కానీ మన జున్ను ఈనిన ఆవు తొలి పాలది. అది పులుపు లేకుండా, ఉత్త వేడికే గట్టిపడుతుంది. ఛెనాది వేరే దారి.

విరిగిన పాలను పలుచని నూలు బట్టలో పోసి, పైన ఒక చెంబుడు చల్లనీళ్లు పోస్తే నిమ్మ పులుపు పోతుంది. మూట కట్టి కుళాయికి ఇరవై నిమిషాలు వేలాడదీయాలి. గట్టిగా పిండాలని చేతులు లాగుతాయి, పిండకూడదు. దించాక పళ్లెంలో వేసి అరచేతి మడమతో ముందుకు తోస్తూ రెండు నిమిషాలు మర్దిస్తే పలుకుతనం పోయి వెన్నలా సాగుతుంది. అరచేతికి సన్నగా జిడ్డు తగలగానే ఆపేయాలి, ఇంకా మర్దిస్తే కొవ్వు బయటికి వచ్చేస్తుంది. చూపుడు వేలితో పళ్లెం మీద రాస్తే చీలకుండా పరుచుకోవాలి, నీటి గీత విడిచిపెట్టకూడదు. అలా వస్తే సరిగ్గా కుదిరినట్టు. అర లీటరు పాలకు సుమారు 80 నుంచి 100 గ్రాముల ఛెనా వస్తుంది, ఇద్దరి టోస్టుకు సరిపోతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజుల్లో తినేయాలి. బయట ఉంచితే వేసవిలో కొన్ని గంటలకే పులిసిపోతుంది.

షాపులో కొంటే పొద్దున చేసినదేనా అని అడగాలి, వాసన చూడాలి. తాజా ఛెనాకు పాల వాసన తప్ప మరొకటి ఉండదు. పిండి కలిపారేమో అన్న అనుమానం వస్తే చిన్న ముక్క మీద టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే తెలిసిపోతుంది, నీలం నలుపు రంగు తిరిగితే పిండి ఉన్నట్టే. ఆ ముక్కను మాత్రం తినకూడదు. ఇంట్లో పాలు వాటంతటవే విరిగిన రోజున కూడా చాలావరకు ఛెనా చేసుకోవచ్చు. పాలలో సూక్ష్మజీవులు పులుపు పెంచడం వల్ల అవి కాగుతుండగా విరుగుతాయి. కానీ చెడు వాసన ఉన్నా, జిగురు సాగినా వదిలేయాలి. కాచినంత మాత్రాన పాడైన పాలు బాగుపడవు.

పండ్లలో ఏడాదంతా దొరికేది అరటి. బాగా మాగినదైతే చక్కెర అవసరమే ఉండదు. కోసిన కాసేపటికే నల్లబడుతుంది కాబట్టి అన్నీ సిద్ధమయ్యాక చివర్న కోయాలి. వేసవిలో మామిడి. ఉత్తరాంధ్ర సువర్ణరేఖ ముందుగా వస్తుంది. దాని ముక్కలను జల్లెడలో నిమిషం ఉంచి రసం కారనివ్వాలి, లేకపోతే టోస్టు మునిగిపోతుంది. చలికాలం జామ. ఈ టోస్టుకు ఇంతకన్నా మంచి పండు లేదని చెప్పవచ్చు. జామకు తడి తక్కువ, కరకర ఉంటుంది, పీచు ఎక్కువ. వంద గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పెద్దవాళ్లకు రోజుకు కావలసిన దానికి రెట్టింపు దాటుతుంది. పలుచగా కోసి, చిటికెడు ఉప్పు, మిరియం చల్లి ఛెనా మీద పరిస్తే సంత దగ్గర ఉప్పూకారం వేసిన జామకాయ గుర్తొస్తుంది. సీతాఫలం కాలంలో గింజలు తీసిన గుజ్జును నేరుగా ఛెనాలో కలిపేస్తే సరి, వేరే పండు అక్కర్లేదు.

అనాస దగ్గర మాత్రం ఆగి చూడాలి. సీతంపేట ఏజెన్సీ నుంచి, ఇటు ఒడిశా కొండల నుంచి వానలు మొదలయ్యే రోజుల్లో అనాస పండ్లు గుట్టలుగా దిగుతాయి. చౌకగా వస్తాయి, వాసన వీధంతా కమ్ముతుంది. ఛెనా మీద అనాస ముక్కలు పేర్చి ఐదు నిమిషాలు ఆగి తింటే ఒక చేదు తగులుతుంది. పాలు చెడిపోయాయనో, ఛెనా పాతదనో అనుకుంటారు. తప్పు ఛెనాది కాదు. వేడి తగలని అనాసలో బ్రోమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాంసకృత్తులను తుంపులు తుంపులుగా కోస్తుంది. ఛెనాలోని కేసీన్ అలా తెగినప్పుడు పుట్టే కొన్ని చిన్న ముక్కలు చేదుగా ఉంటాయి. అనాస ఎక్కువ తిన్నప్పుడు నాలుక చురచురలాడడంలోనూ ఈ ఎంజైము చెయ్యి ఉంది.

దీనికి మందు వేడి. అనాసను అర వేలు మందాన చక్రాలుగా కోసి, వేడి పెనం మీద నూనె లేకుండా రెండు వైపులా కాల్చాలి. అంచులు ఎర్రబడి, ముక్క లోపలిదాకా పొగలు కక్కాలి. ఆ వేడికి ఎంజైము పనిచేయడం మానేస్తుంది, పైగా పండులోని చక్కెర కొంచెం మాడి రుచి చిక్కబడుతుంది. డబ్బాలో వచ్చే అనాస పాలతో చేదెక్కకపోవడానికి కూడా ఇదే కారణం, దాన్ని ముందే వేడి చేసి ఉంటారు. బొప్పాయిలోనూ ఇలాంటి ఎంజైమే ఉంటుంది కానీ అది కాయ పాలలో ఎక్కువ. బాగా పండిన బొప్పాయిని వేసిన వెంటనే తినేస్తే ఇబ్బంది లేదు. దోరగా ఉన్న బొప్పాయి మాత్రం వద్దు.

పొద్దున చేయవలసింది చాలా తక్కువ. పెనం సన్నని మంట మీద వేడెక్కుతుండగా పండు కడిగి పెట్టుకోవాలి. బ్రెడ్డును వెన్న లేకుండా రెండు వైపులా కాల్చాలి. కాల్చిన ముక్కలను స్టీలు పళ్లెంలో పడుకోబెట్టకూడదు. వాటి ఆవిరి పళ్లేనికి తగిలి నీరై, కింది వైపు క్షణాల్లో మెత్తబడుతుంది. ఒక ముక్క పళ్లెం నుంచి ఎత్తి చూస్తే ఆ తడి మచ్చ బ్రెడ్డు ఆకారంలోనే కనిపిస్తుంది. రెండు ముక్కలను పేకముక్కల ఇల్లులా ఒకదానికొకటి ఆనించి ఒక నిమిషం నిలబెడితే ఆవిరి పైకి పోతుంది. ఆ తర్వాత ఛెనాను అంచుల దాకా, ఖాళీ లేకుండా రాయాలి. ఈ పొర రుచికే కాదు, పండు రసం బ్రెడ్డులోకి దిగకుండా గోడలా కూడా పనిచేస్తుంది. పైన పండు, ఆ పైన మిరియాల పొడి. పలాస జీడిపప్పు ఇంట్లో ఉంటే నాలుగు పలుకులు దంచి చల్లవచ్చు. నిమిషాల్లో తినేయాలి. స్కూలు డబ్బాలో పెట్టాలంటే మూడూ వేరువేరుగా పెట్టడం తప్ప దారి లేదు. కలిపి పెడితే ఇంటర్వెల్‌కు మిగిలేది ముద్దే.

ఒక మనిషి పళ్లెం లెక్క వేసి చూద్దాం. రెండు గోధుమ బ్రెడ్డు ముక్కల్లో కలిపి ఐదు గ్రాముల మాంసకృత్తులు, దాదాపు 145 కేలరీలు. అర లీటరు ఆవు పాలలో 16 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. ఛెనాలో వాటిలో ఎక్కువ భాగం నిలుస్తుంది కాబట్టి సగం ఛెనా తిన్న మనిషికి ఆరేడు గ్రాములు. వంద గ్రాముల అరటిపండు వేసుకుంటే మొత్తం 350 కేలరీల చుట్టూ తేలుతుంది, మాంసకృత్తులు పన్నెండు గ్రాములకు అటూఇటూ. మధ్యాహ్నం దాకా నిలబెట్టే తిండే ఇది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు వంద గ్రాముల పండ్లు తినమంటుంది, ఆ వాటా పొద్దున్నే పూర్తవుతుంది. బ్రెడ్డొక్కటే తింటే రక్తంలో చక్కెర త్వరగా ఎగసి త్వరగా పడుతుంది, పదింటికల్లా ఆకలేస్తుంది. ఛెనాలోని మాంసకృత్తులూ కొవ్వూ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, జామ లాంటి పండు పీచు కూడా అదే పని చేస్తుంది.

ఇదే బ్రెడ్డు మీద జాము రాస్తే లెక్క తారుమారవుతుంది. నియమాల ప్రకారం జాములో కరిగే ఘన పదార్థాలు కనీసం 65 శాతం ఉండాలి, అందులో అధిక భాగం చక్కెరే. ఇరవై గ్రాముల జాము రాస్తే అందులో పన్నెండు గ్రాముల పైచిలుకు చక్కెర అన్నమాట. పండు బొమ్మ సీసా మీద ఉన్నంత మాత్రాన పండు తిన్నట్టు కాదు. ప్యాకెట్ చీజ్ స్లైసులో మాంసకృత్తులూ కాల్షియమూ బాగానే ఉంటాయి, దాన్ని తీసిపారేయనక్కర్లేదు. దాని సమస్య ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది. ఊరగాయ, పులుసు, ఎండుచేప ఉండే మన భోజనంలో ఆ గీత ఎలాగూ దాటుతున్నాం. పొద్దున్నే మరికొంత కలపడం దేనికి? ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఛెనాయే నయం. చవకగా దొరికే కొన్ని చీజ్ ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో ఎనలాగ్ అని ఉంటుంది. పాల కొవ్వు బదులు వేరే నూనె వాడారని దాని అర్థం, డబ్బులు పెట్టేముందు అది చదవాలి.

షుగరున్నవాళ్లు అరటి, మామిడి బదులు జామ వేసుకుని, బ్రెడ్డు ఒక్క ముక్కతో ఆపి, ఛెనా కాస్త ఎక్కువ పెట్టుకోవడం మంచిది. మందుల సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి. పైన తేనె చల్లడం వీడియోల్లో అందంగా ఉంటుంది కానీ అదీ చక్కెర లెక్కలోకే వస్తుంది. ఏడాది నిండని పిల్లలకైతే తేనె అసలు పెట్టకూడదు.

బ్రెడ్డే ఉండాలన్న పట్టూ లేదు. కొండ వైపు ఇళ్లలో చోళ్లకు కొదవ లేదు. ఒడియాలో మండియా అనేదీ ఇదే. 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ తర్వాత చోడి పిండి పట్నం షాపుల్లోనూ కనిపిస్తోంది. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాములు దాటుతుంది, ఇతర ధాన్యాలు దీని దరిదాపుల్లో లేవు. చోళ్లలో పిండిని సాగేలా చేసే గ్లూటెన్ లేదు కాబట్టి వాటితోనే బ్రెడ్డు పొంగదు. షాపులో రాగి బ్రెడ్డు అని అమ్మేదాంట్లో చాలావరకు గోధుమో మైదాయో ఉండేది అందుకే. దాని బదులు వేడినీళ్లతో కలిపిన చోడి పిండిని అరచేయంత రొట్టెగా తట్టి, కాస్త మందంగా కాల్చి, ఛెనా రాసి కాల్చిన అనాస ముక్క పెడితే బ్రెడ్డుకన్నా రుచిగా ఉంటుంది. చోడి మట్టి వాసనకూ అనాస పులుపుకూ బాగా పొత్తు కుదురుతుంది. ఐదు నిమిషాల్లో మాత్రం అవదు, అది ఆదివారం పని.

ఛెనా తీయగా మిగిలిన నీటిని చాలామంది సింకులో పారబోస్తారు. అర లీటరు పాలకు నాలుగు వందల మిల్లీలీటర్ల దాకా వచ్చే ఆ నీటిలో కొంత కాల్షియం, బి విటమిన్లు, కాసిన్ని మాంసకృత్తులు ఉన్నాయి. చపాతీ పిండి దానితో కలిపితే చపాతీలు మెత్తగా వస్తాయి. చారులో చింతపండు తగ్గించి పోసుకోవచ్చు, కందిపప్పు ఉడికాక కలుపుకోవచ్చు. ఒడిశా మిఠాయి దుకాణాల్లో దీన్ని దాచి మళ్లీ వాడతారు. ఒక గ్లాసుడు నీటిని సీసాలో పోసి రాత్రంతా వంటగదిలో ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. మనం పెరుగుకు తోడు దాచినట్టే ఇది కూడా. మర్నాడు ఛెనాకు పాలు కాగాక నిమ్మరసానికి బదులు ఈ పులిసిన నీటిని కొంచెం ఎక్కువగా, గరిటె గరిటెగా పోస్తూ పోతే పాలు విరుగుతాయి. నిమ్మ పులుపు కన్నా ఇది నెమ్మది కాబట్టి ఛెనా ఇంకా మెత్తగా దిగుతుంది.